సిద్ధాంత వ్యాసంలో వికీపీడియాను ఉటంకించే పద్ధతి: మూలం వెతకడం నుంచి పాదసూచిక రాయడం దాకా

ఎచ్చెర్లలోను, విజయనగరంలోను పరిశోధన చేస్తున్న విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. వికీపీడియాను ఉటంకించవచ్చా? ఉటంకిస్తే ఎలా రాయాలి? మొదటిదానికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేస్తే రెండోది అలాగే మిగిలిపోతుంది. అందుకని ఈ పని ఏ వరుసలో చేయాలో, పొరపాటు ఎక్కడ దొర్లుతుందో, దొర్లితే ఎలా సరిదిద్దుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. వికీపీడియాను ఉటంకించడం కన్నా పెద్ద తప్పు మరొకటుంది. విషయాన్ని వికీపీడియాలో చదివి, ఆ వ్యాసం అడుగున ఉన్న గ్రంథాన్ని తానే చదివినట్టు పాదసూచికలో రాసుకోవడం ఆ తప్పు. నేను హాజరైన ఒక మౌఖిక పరీక్షలో పరీక్షకులు ఒక పాత జిల్లా గెజిటీరు పాదసూచికపై వేలు పెట్టి, "ఈ పుట మీరు ఎక్కడ చూశారమ్మా?" అని అడిగారు. ఆ విద్యార్థిని గెజిటీరును ఎన్నడూ తెరవలేదు. పుట సంఖ్యతో సహా వికీపీడియా నుంచి ఎత్తి రాసింది. ఆమె ఇచ్చిన పుటలో ఆ విషయమే లేదు, ఎందుకంటే వికీలో రాసినవారు వాడింది పునర్ముద్రణ. అయిదేళ్ల శ్రమ మీద ఆ ఒక్క పాదసూచిక వల్ల అనుమానం పడింది. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం అలాంటి పరిస్థితి రాకుండా చూసుకోవడానికే.

## 1. ముందు తేల్చుకోవలసింది: ఈ చోట ఉటంకించాలా, వద్దా?

విజ్ఞాన సర్వస్వం ఏదైనా తృతీయ స్థాయి ఆధారమే. ఇతరులు పరిశోధించి రాసినదాన్ని అది క్రోడీకరిస్తుంది. వికీపీడియా తన నియమాల్లోనే "మౌలిక పరిశోధన నిషిద్ధం" అని చెప్పుకుంటుంది. వికీపీడియా వ్యాసాన్ని మరో వికీపీడియా వ్యాసానికి ఆధారంగా చూపడాన్ని కూడా అది అంగీకరించదు. కాబట్టి ఒక తేదీకో, అంకెకో, కారణానికో దాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం సరికాదు.

నేరుగా ఉటంకించక తప్పని సందర్భాలు మూడున్నాయి.

- మీ పరిశోధనాంశం వికీపీడియాయే అయినప్పుడు. ఉత్తరాంధ్ర మాండలిక పదాలు వికీపీడియాకు సోదర ప్రాజెక్టు, నిఘంటువు అయిన విక్షనరీలో ఎలా నమోదయ్యాయన్నది మీ అధ్యయనమైతే, అక్కడ విక్షనరీ మీ ప్రాథమిక ఆధారం.
- ఒక విషయాన్ని ఒకానొక కాలంలో సాధారణ పాఠకులకు ఎలా చెప్పారో చూపవలసి వచ్చినప్పుడు.
- వికీపీడియా వాక్యాన్ని, అనువాదాన్ని, పట్టికను, పటాన్ని, ఛాయాచిత్రాన్ని మీరు వాడుకున్నప్పుడు.

మిగిలిన చోట్ల వికీపీడియా దారి చూపే పలక మాత్రమే. ఉద్దానం కిడ్నీ వ్యాధినే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ వ్యాధికి కారణమేమిటన్నదానిపై నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, జన్యువులు అంటూ పలు ప్రతిపాదనలున్నాయి, ఏ ఒక్కటీ ఇంకా తుది నిర్ణయం కాలేదు. వీటన్నిటినీ ఒక్క పేరాలో కుదించిన వికీ వ్యాసాన్ని ఉటంకిస్తే ఏ ప్రతిపాదనకు ఎంత బలముందో మీ పాఠకుడికి తెలియదు. ఒక్కొక్క ప్రతిపాదనకు ఒక్కొక్క పరిశోధన పత్రాన్ని చదివి, దాన్నే ఉటంకించాలి. వైద్యం, చట్టం, శాసన పాఠం, జనాభా లెక్కలు, ఈ నాలుగింటి విషయంలో మినహాయింపు పెట్టుకోవద్దని నా గట్టి సలహా.

మీ విభాగం కాని, పర్యవేక్షకులు కాని వికీపీడియా అసలు వద్దంటే ఆ నియమాన్ని పాటించండి. అయితే చూసినదాన్ని మీ నోట్సులో మాత్రం నమోదు చేసుకోండి. రేపు పోలికల పరీక్షలో (ఇతరుల రచనతో మీ రచన ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్‌తో చూసే పరీక్షలో) ఒక వాక్యం పట్టుబడితే అది ఎక్కడిదో మీకైనా తెలియాలి.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

పని మొదలుపెట్టేముందు ఒక ఎక్సెల్ పట్టికో, గీతల నోటుపుస్తకమో కేటాయించుకోండి. అందులో ఈ గడులుండాలి.

- వ్యాసం పేరు, భాష
- కూర్పు సంఖ్య (ప్రతి దిద్దుబాటుతో ఏర్పడే వ్యాస రూపానికి వికీ ఇచ్చే సంఖ్య, ఆరో అంచె చూడండి), కూర్పు తేదీ, సమయం
- మీరు తీసుకున్న వాక్యం, ఉన్నది ఉన్నట్టుగా
- ఆ వాక్యానికి వికీలో చూపిన మూలం
- ఆ మూలాన్ని స్వయంగా చూశారా? చూస్తే ఏ ముద్రణ, ఏ పుట?

అయిదో అంచెలో చెప్పే ద్వితీయ ఉటంకింపుకు తప్ప, చివరి గడి ఖాళీగా ఉన్నంతవరకు ఆ వాక్యాన్ని అధ్యాయంలోకి తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం తప్పులు పుట్టవు.

ఆధారాల వివరాలను భద్రపరిచే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి కొంత పని తగ్గుతుంది. వికీ వ్యాసాన్ని దానిలో భద్రపరిస్తే కూర్పు సంఖ్యను "ఎక్స్‌ట్రా" అనే గడిలో అదే నమోదు చేస్తుంది. అయినా తేదీ గడిని ఒకసారి కంటితో సరిచూసుకోవాలి.

## 3. మీరు తెరిచింది సరైన వ్యాసమేనా?

మన ప్రాంతంపై పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం అనే పేరుతో కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో మరో ఊరుంది, ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ఉన్న ఊరు. విజయనగరం అని వెతికితే పూసపాటివారి విజయనగరమూ వస్తుంది, తుంగభద్ర ఒడ్డున హంపి రాజధానిగా వెలసిన విజయనగర సామ్రాజ్యమూ వస్తుంది. వికీపీడియాలో ఇలాంటి పేర్లకు "అయోమయ నివృత్తి" పేజీలు పెడతారు. ముందు ఆ పేజీ ఉందేమో చూడండి, తర్వాతే వ్యాసం తెరవండి.

రెండో చిక్కు పాత పేర్లది. మూలాల కోసం పాత ఇంగ్లీషు రికార్డుల్లో వెతికేటప్పుడు శ్రీకాకుళం "చికాకోల్" గాను, విజయనగరం "విజియానగ్రం" గాను కనిపిస్తాయి. ఇప్పటి పేరుతో మాత్రమే వెతికి "ఆధారం దొరకలేదు" అని రాసేవారిని చాలామందిని చూశాను.

మూడోది సరిహద్దులు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. చికాకోల్ ప్రాంతం 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది, తర్వాత విశాఖపట్నం జిల్లాలో చేరింది. అందువల్ల "1931లో శ్రీకాకుళం జిల్లా జనాభా" అని వికీలో కాని, మరెక్కడైనా కాని కనిపిస్తే, ఆ అంకె ఏ భూభాగానిదో తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దు.

## 4. వ్యాసాన్ని చదవవలసిన క్రమం

పైనుంచి కిందికి చదువుకుంటూ పోవడం పాఠకుడి పద్ధతి. పరిశోధకుడు ముందు "మూలాలు" విభాగం చూడాలి. ఎన్ని మూలాలున్నాయన్నది కాదు, మీకు కావలసిన వాక్యం పక్కన మూలం ఉందా అన్నది ముఖ్యం. నలభై మూలాలున్న వ్యాసంలో కూడా మీ వాక్యానికి ఒక్కటీ ఉండకపోవచ్చు. "ఆధారం చూపాలి" అనే గుర్తు ఉన్న వాక్యాన్ని అక్కడే వదిలేయండి.

తర్వాత "చర్చ" పేజీ. వాదోపవాదాలు జరిగిన అంశాలు అక్కడ బయటపడతాయి. ఒక యుద్ధం తేదీ మీదో, ఒక కవి పుట్టిన ఊరి మీదో ఇద్దరు వాడుకరులు ఎదురెదురు ఆధారాలు పెట్టి ఉంటే అది మీకు దొరికిన పెన్నిధి. రెండు ఆధారాలూ ఉచితంగా చేతికొచ్చినట్టే.

ఆపైన "చరిత్ర". మీ వాక్యం వ్యాసంలోకి ఎప్పుడు చేరిందో పాత కూర్పులను పోల్చి కనుక్కోండి. ఇది ఎందుకు అవసరమో తర్వాతి అంచెలో తెలుస్తుంది.

"మొలక" (ఇంకా పెరగని చిన్న వ్యాసం) అని గుర్తుపెట్టిన వ్యాసాలపై సమయం వెచ్చించనక్కరలేదు.

## 5. మూలం దాకా వెళ్లడం

ఈ మార్గదర్శికి గుండెకాయ ఇదే. నెమ్మదిగా చదవండి.

వికీలోని పాదసూచికను నొక్కి, అది ఏ జాతి మూలమో ముందు గుర్తించండి: గ్రంథం, పత్రికావార్త, ప్రభుత్వ ప్రచురణ, వెబ్‌సైటు, మరో వికీ. ఆ తర్వాత దాన్ని సంపాదించి, పుట తెరిచి, వికీ వాక్యాన్ని దాని పక్కన పెట్టి మాటమాటా పోల్చాలి. పోల్చినప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తేడా అబద్ధం కాదు, నునుపు. మూలంలో "అని చెబుతారు", "బహుశా", "ఒక శాసనాన్నిబట్టి" అని ఉన్నది వికీలోకి వచ్చేసరికి నిర్ధారిత వాక్యమైపోతుంది. ఆ "బహుశా"ను తిరిగి పట్టుకోవడమే మూలం చదవడం వల్ల వచ్చే లాభం.

ఒక ఉదాహరణ. తెలుగు వికీపీడియాలో మన గ్రామాల వ్యాసాలు చాలావాటిలో ఒకే తీరు పేరా కనిపిస్తుంది: 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్ల విస్తీర్ణం. ఆ అంకెల ఉత్పత్తిస్థానం భారత జనగణన. ప్రతి జిల్లాకు "జిల్లా జనగణన దర్శిని" ప్రచురణ ఉంటుంది, అందులో గ్రామాలవారీ పట్టికలుంటాయి. మీ గ్రామం కోడ్ సంఖ్య పట్టుకుని ఆ పట్టికలో వరుస వెతికి, అంకె సరిపోతే జనగణననే ఉటంకించండి. అంతటితో వికీ ప్రస్తావన అవసరం తీరిపోయింది. అంకె సరిపోకపోతే జనగణన అంకెనే తీసుకోండి, తేడాను మీ నోట్సులో రాసుకోండి.

సాహిత్య పరిశోధకులకు మరో ఉదాహరణ. ఒక కథ మొదట ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చిందన్నదానికి వికీ వ్యాసాలు తరచూ సంపుటి వెలువడిన సంవత్సరాన్ని ఇచ్చి సరిపెడతాయి. పత్రికలో వెలువడిన సంవత్సరం వేరు, సంపుటి సంవత్సరం వేరు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉండగా ఈ తప్పు మనవాళ్లు చేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఇంటినుంచి ఆటోలో వెళ్లి చూడగలిగిన పత్రికను అంతర్జాలంలోని రెండో చేతి వాక్యంతో సరిపుచ్చుకోవడం ఎందుకు?

శ్రీముఖలింగం శాసనాలపై పనిచేసేవారు కూడా ఇంతే. శాసన పాఠం అచ్చయిన సంపుటం, శాసన సంఖ్య, శక సంవత్సరం, ఈ మూడూ స్వయంగా చూసి రాయాలి. శకాన్ని క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు 78 కలపాలా, 79 కలపాలా అన్నది నెలనుబట్టి మారుతుంది. అక్కడ వికీలో ఒక్క సంవత్సరం తేడా రావడం సాధారణం.

మూలం దొరక్కపోతే ఈ వరుసలో ప్రయత్నించండి.

- లింకు చచ్చిపోయి ఉంటే ఆ చిరునామాను, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి.
- పాత గ్రంథమైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ప్రతి ఉందేమో చూడండి. తెలుగు పాత ప్రతులు అక్కడ చాలానే ఉన్నాయి.
- సిద్ధాంత వ్యాసమైతే, భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను దాచే శోధ్‌గంగలో చూడండి.
- అచ్చు ప్రతికి విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయానికి ఒక రోజు కేటాయించండి. వెళ్లేముందు కావలసినవన్నీ ఒక జాబితాగా రాసుకుంటే ఒక్క ప్రయాణంతో పదిపదిహేను పాదసూచికలు తేలిపోతాయి.

ఇన్ని చేసినా దొరక్కపోతే నిజాయితీగా ద్వితీయ ఉటంకింపు రాయండి: "ఫలానా గ్రంథం, వికీపీడియాలోని ఫలానా వ్యాసంలో ఉటంకించినట్టు" అని. అది లోపం కాదు. చదవనిదాన్ని చదివినట్టు రాయడమే లోపం.

గుండ్రంగా తిరిగే ఆధారం. ఎవరో ఆధారం లేకుండా వికీలో ఒక వాక్యం చేరుస్తారు. ఒక విలేఖరి దాన్ని తీసుకుని పత్రికలో రాస్తారు. తర్వాత ఇంకెవరో ఆ పత్రికావార్తను తెచ్చి అదే వికీ వాక్యానికి మూలంగా పెడతారు. చూసేవారికి అంతా పకడ్బందీగా కనిపిస్తుంది. 2008లో ఒక విద్యార్థి ఇంగ్లీషు వికీపీడియాలో "కోయాటీ" అనే జంతువుకు "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అనే కల్పిత పేరును సరదాకు చేరిస్తే, అది ఆరేళ్లపాటు నిలిచి పత్రికల్లోకి, పుస్తకాల్లోకి కూడా పాకింది. దీన్ని పట్టుకునే మార్గం ఒక్కటే: వాక్యం వికీలో చేరిన తేదీని, మూలం ప్రచురితమైన తేదీని పోల్చడం. మూలం తర్వాతి తేదీదైతే, దానికి ముందునాటి స్వతంత్ర ఆధారం మరొకటి దొరికేదాకా ఆగండి.

మన సిద్ధాంత వ్యాసాలూ ఈ చక్రంలో పళ్లే. మీ వ్యాసం శోధ్‌గంగలో చేరాక ఎవరో దాన్ని వికీలో మూలంగా చూపుతారు. మీరు వికీ నుంచి తీసుకున్న తప్పు మీ పేరుమీద వికీకి తిరిగివెళ్లి, ఈసారి డాక్టరేటు పట్టాతో నిలబడుతుంది. మన జిల్లాల చరిత్ర గురించి తెలుగులో ఆధారాలు తక్కువ కాబట్టి ఈ ప్రమాదం మనకు ఎక్కువ.

## 6. కూర్పును పట్టుకోవడం

కన్యాశుల్కం నుంచి ఒక సంభాషణను ఉటంకించే విజయనగరం విద్యార్థి ఎవరైనా 1897 నాటి తొలి కూర్పా, 1909 నాటి రెండో కూర్పా అని చెప్పకుండా వదలరు. రెండింటికీ మధ్య నాటకమే పెరిగి మారిపోయింది. వికీ వ్యాసానికి అలాంటి కూర్పులు రెండు కాదు, వందలుండవచ్చు. కూర్పు చెప్పని వికీ ఉటంకింపు ముద్రణ చెప్పని కన్యాశుల్కం ఉటంకింపు వంటిదే.

దీన్ని దగ్గరగా చూపడానికి శ్రీకాకుళం జిల్లా జనాభాయే చాలు. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 27 లక్షల పైచిలుకు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. మిగిలిన భూభాగానికి అదే 2011 జనగణన అంకెలను కూడితే 22 లక్షలకు కాస్త తక్కువ వస్తుంది. అంటే వ్యాసం పేరు అదే, జనగణన సంవత్సరం అదే, రెండు అంకెలూ నిజమే, తేడా మాత్రం అయిదు లక్షలు. 2021లో చదివి 2023లో వ్యాసం సమర్పించిన విద్యార్థి కూర్పు చెప్పకపోతే, సరిచూసిన పరీక్షకుడికి అది పచ్చి తప్పుగా కనిపిస్తుంది.

చేయవలసిన పని వరుసగా:

1. వ్యాసం పైనున్న "చరిత్ర" మీద నొక్కండి. దిద్దుబాట్ల జాబితా తేదీ, సమయాలతో కనిపిస్తుంది.
2. మీరు చదివిన కూర్పు తేదీ మీద నొక్కండి. ఇప్పటి కూర్పే కావాలంటే పరికరాల పట్టీలోని "శాశ్వత లింకు" సరిపోతుంది.
3. పైన చిరునామా పట్టీలో "ఓల్డ్‌ఐడీ" (oldid) అన్న మాట పక్కన ఒక పొడవైన సంఖ్య ఉంటుంది. అదే కూర్పు సంఖ్య. దాన్ని పట్టికలో రాసుకోండి.
4. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి.
5. అదే చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో కూడా భద్రపరచండి.

నాలుగు, అయిదు అంచెలు ఎందుకంటే శాశ్వత లింకు పూర్తిగా శాశ్వతం కాదు. వ్యాసం పేరు మారినా లింకు పనిచేస్తుంది. కాని వ్యాసాన్ని తొలగిస్తే దాని చరిత్ర కూడా నిర్వాహకులకు తప్ప ఎవరికీ కనిపించదు. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు ఇంకొకటుంది. పాత కూర్పును తెరిచినప్పుడు అందులోని మూసలు (పలు వ్యాసాల్లో వాడే టెంప్లేట్లు), బొమ్మలు నేటి రూపంలోనే కనిపిస్తాయి. కుడిపక్క సమాచారపెట్టెలోని అంకె వికీడేటా అనే ఉమ్మడి సమాచార భాండారం నుంచి వస్తున్నదైతే, 2019 నాటి కూర్పులో నేటి అంకె కనిపించే అవకాశముంది. కాబట్టి సమాచారపెట్టెలోని అంకెను ఎన్నడూ ఉటంకించకండి. పీడీఎఫ్ మాత్రం ఆ రోజే దాచుకోండి.

సమయం విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లీషు వికీపీడియా కూర్పుల సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మన గడియారం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. మనకు తెల్లవారుజామున జరిగిన దిద్దుబాటు అక్కడ ముందురోజు తేదీతో ఉంటుంది. పేజీలో ఉన్న తేదీనే రాయండి, లెక్కగట్టి మార్చవద్దు.

## 7. ఉటంకింపు రాయడం

ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో అనేవి పరిశోధనల్లో ఎక్కువగా వాడే ఉటంకింపు పద్ధతులు. పద్ధతి ఏదైనా కర్త స్థానంలో ఒక వ్యక్తి పేరు రాయకూడదు. వ్యాసం ఎవరో ఒక్కరు రాసినది కాదు. వికీపీడియా వ్యవస్థాపకుల పేరు కర్తగా పెట్టడం కూడా తప్పే.

- ఏపీఏ ఏడో కూర్పు: వ్యాసం పేరు. (కూర్పు సంవత్సరం, నెల, తేదీ). వికీపీడియాలో. శాశ్వత లింకు. పాత కూర్పు లింకు ఇచ్చినప్పుడు, చూసిన తేదీ అక్కరలేదు.
- ఎంఎల్ఏ: "వ్యాసం పేరు." వికీపీడియా, వికీమీడియా ఫౌండేషన్, కూర్పు తేదీ, లింకు.
- షికాగో: సాధారణంగా పాదసూచికలోనే రాస్తారు: వికీపీడియా, "వ్యాసం పేరు" అనే శీర్షిక కింద, చివరి మార్పు తేదీ, సమయం, లింకు.

తెలుగులో రాసే సిద్ధాంత వ్యాసాలకు నేను సూచించే రూపం ఇది: "వ్యాసం పేరు", తెలుగు వికీపీడియా, కూర్పు సంఖ్య, కూర్పు తేదీ, లింకు. కూర్పు సంఖ్యను విడిగా రాయడం ఏ పద్ధతీ కోరదు, అయినా రాయమంటాను. లింకు అచ్చులో చెడిపోయినా ఆ సంఖ్య ఒక్కటి మిగిలితే ఆ కూర్పును తిరిగి తెరవవచ్చు.

లింకు చెడిపోవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగు పేరున్న వ్యాసం చిరునామాను నకలు తీసి అతికిస్తే తెలుగు అక్షరాలు పోయి శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాల తోరణంగా మారుతుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతం అలా తొమ్మిది గుర్తులవుతుంది. "శ్రీకాకుళం" అన్న పేరులో పది సంకేతాలున్నాయి, అంటే ఆ ఒక్క పేరే తొంభై గుర్తులు. అది పాదసూచికలో మూడు వరుసలు తిని, మధ్యలో విరిగి, పనికిరాకుండా పోతుంది. పరిష్కారం సులువు: చిరునామాలో వ్యాసం పేరున్న భాగాన్ని తీసేసి, ఓల్డ్‌ఐడీ, సంఖ్య మాత్రం ఉంచండి. లింకు అలాగే పనిచేస్తుంది. లేదా వికీమీడియావారి పొట్టి చిరునామా పరికరాన్ని వాడండి.

## 8. వాక్యాలు, అనువాదాలు, బొమ్మలు

వికీపీడియా పాఠ్యం క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 లైసెన్సు కింద ఉంటుంది. ఉచితం అంటే ఆధారం చెప్పకుండా వాడుకోవచ్చని కాదు. ఎక్కడిదో చెప్పడం ఆ లైసెన్సు మొదటి షరతు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపల సవరించి మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 దాకా ఉంటే ఏడాదిపాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే నమోదే రద్దవుతుంది. ఉటంకింపు గుర్తుల్లో పెట్టి ఆధారం చూపిన భాగాన్ని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అంటే వికీని దాచడం వల్ల మీకు వచ్చే లాభం ఏమీ లేదు, చూపడం వల్ల వచ్చే నష్టమూ లేదు.

అనువాదం విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఇంగ్లీషు వికీ పేరాను తెలుగులోకి మార్చి రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. అయినా అది ఇతరుల రచనే. "ఇంగ్లీషు వికీపీడియా నుంచి అనువాదం నాది" అని రాయండి.

ఛాయాచిత్రాలకు వికీపీడియా అని రాస్తే చాలదు. బొమ్మ మీద నొక్కి వికీమీడియా కామన్స్ పేజీకి వెళ్లి, తీసినవారి పేరు లేదా వాడుకరి పేరు, లైసెన్సు, దస్త్రం పేరు రాసుకోవాలి. అరసవల్లి ఆలయం బొమ్మకు ఒక లైసెన్సు, శాలిహుండం బొమ్మకు మరొక లైసెన్సు ఉండవచ్చు. వికీసోర్స్‌లో (పాత గ్రంథాల పాఠాన్ని ఉంచే సోదర ప్రాజెక్టులో) చదివిన పాత గ్రంథానికైతే అసలు గ్రంథం ముద్రణ వివరాలు ముందు, వికీసోర్స్ ప్రతి అన్నది తర్వాత.

## 9. తరచూ దొర్లే పొరపాట్లు, వాటి సవరణ

ఆధార పట్టికలో ఉత్త "వికీపీడియా" అని రాయడం. గ్రంథాలయం అని రాసి ఊరుకున్నట్టే. చదివిన నెల గుర్తుంటే చరిత్ర పేజీలో ఆ నాటి కూర్పును వెతికి సరిదిద్దవచ్చు.

నకలు సైట్లను ఉటంకించడం. వికీ పాఠ్యాన్ని పేరు చెప్పకుండా పెట్టుకున్న సైట్లు చాలా ఉన్నాయి. వికీ వ్యాసాలనే అట్ట వేసి పుస్తకాలుగా అమ్మేవారూ ఉన్నారు. అనుమానం వస్తే ఒక వాక్యాన్ని ఉటంకింపు గుర్తుల్లో పెట్టి వెతకండి. తరచుగా అసలు వికీ వ్యాసం బయటపడుతుంది.

అను ఫాంట్లలో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో) లింకు చెడిపోవడం. మన దగ్గర డీటీపీ చేయించే సిద్ధాంత వ్యాసాల్లో ఇది నిత్యం జరుగుతుంది. పేరాను మొత్తం ఎంపిక చేసి తెలుగు ఫాంటు పెట్టగానే లింకులోని ఇంగ్లీషు అక్షరాలు అర్థంలేని తెలుగు గుర్తులైపోతాయి. లింకులకు ఇంగ్లీషు ఫాంటు విడిగా పెట్టమని డీటీపీ చేసేవారికి కాగితంమీద రాసి ఇవ్వండి, ప్రూఫులో ఒక్కొక్క లింకును స్వయంగా కొట్టి చూడండి.

తానే రాసిన వాక్యాన్ని తానే ఉటంకించడం. మీరు వికీలో రాసే వాడుకరి అయితే, మీరు చేర్చిన వాక్యాన్ని మీ వ్యాసానికి ఆధారంగా చూపకండి.

కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును వికీగా భావించడం. ఆ జవాబుకు కూర్పు లేదు, చరిత్ర లేదు. వికీ వ్యాసాన్ని స్వయంగా తెరవండి.

సమర్పణకు వారం ముందు సరిచూసుకోవలసినవి:

- ప్రతి వికీ ఉటంకింపుకు కూర్పు సంఖ్య ఉందా?
- ఆ ఉటంకింపు మొదటి అంచెలోని మూడు సందర్భాల్లో ఒకదానికి చెందుతుందా, లేక అయిదో అంచెలోని ద్వితీయ ఉటంకింపా?
- వికీ ద్వారా చేరిన ప్రతి గ్రంథానికి "చూశాను, పుట ఇది" అన్న గడి నిండిందా, లేకపోతే ద్వితీయ ఉటంకింపని రాశారా?
- బొమ్మలన్నిటికీ తీసినవారి పేరు, లైసెన్సు ఉన్నాయా?
- పీడీఎఫ్‌లన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయా? మౌఖిక పరీక్షనాడు ఆ ఫోల్డరు మీ చేతిలో ఉండాలి.

## 10. వికీలో తప్పు దొరికితే

మూలం చదివిన మీకు వికీ వాక్యం తప్పని తెలిసిపోతుంది, తరచుగానే. దాన్ని అలా వదిలేయవద్దు, తొందరపడి చెరిపేయనూ వద్దు. వ్యాసం "చర్చ" పేజీలో మీరు చూసిన గ్రంథం, ముద్రణ, పుట రాసి, వాక్యం ఎక్కడ తప్పిందో రెండు మాటల్లో చెప్పండి. కొద్ది రోజులు వేచి చూడండి. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, మూలాన్ని జతపరిచి సరిదిద్దండి. దిద్దుబాటు సారాంశంలో కారణం రాయండి. చర్చ తెగకపోతే తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే "రచ్చబండ" పేజీలో అడగండి. మీ సొంత సిద్ధాంత వ్యాసాన్ని మాత్రం అక్కడ మూలంగా మీరే చేర్చకండి. మీరు చూసిన అసలు గ్రంథాన్ని చేర్చండి. సరిదిద్దిన కూర్పు సంఖ్యను మీ పట్టికలో పాత సంఖ్య పక్కనే రాసుకోండి.